చేత్తో చేసిన డెరివేటివ్‌కే మార్కులా?

ఎం.ఏ. ఎకనామెట్రిక్స్ పరీక్షలో ప్రోబిట్ (అవును-కాదు జవాబులకి వాడే మోడల్) లైక్లీహుడ్‌కి రెండో డెరివేటివ్ దాకా చేత్తో రాయిస్తారు. ఒక్క మైనస్ జారిందా, మార్కులు గోవిందా. అదే పిల్లలు పీహెచ్‌డీకి వచ్చాక స్టేటా అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో కమాండ్ కొట్టి, వచ్చిన స్టాండర్డ్ ఎర్రర్‌ని (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె) కళ్ళు మూసుకుని టేబుల్లో ఎక్కించేస్తారు. అప్పుడు ఎవరూ ఏమీ అనరు! ఈ రెండింటికీ నడుమ సింపై, మాక్సిమా లాంటి, అంకెలతో కాక అక్షరాలతోనే లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయన్న ఊసు హైదరాబాద్‌లో నేను చూసిన ఏ క్లాసులోనూ లేదు. రెండూ ఉచితమే, లైసెన్సుకి నిధుల్లేవనే సాకు చెల్లదు.

సీఈఎస్ ప్రొడక్షన్ ఫంక్షన్‌నే (క్యాపిటల్, లేబర్ కలిస్తే ఎంత ఉత్పత్తి వస్తుందో చెప్పే ఫార్ములా) తీసుకోండి. ఎస్టిమేట్ చేసేది రో, మనకి కావలసింది ఒకదాని బదులు ఇంకోటి ఎంత తేలిగ్గా వాడొచ్చో చెప్పే సిగ్మా, అంటే 1/(1−రో). రో 0.8, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.1 అనుకుందాం. రో సున్నా అయితే అది కాబ్-డగ్లస్ అనే ప్రత్యేక రూపం, అప్పుడు సిగ్మా 1. టెస్ట్ చేస్తే టీ విలువ (తేడాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగిస్తే వచ్చేది, సుమారు 2 దాటితే ఊహని తోసేస్తాం) 8, కాబ్-డగ్లస్ చిత్తు. ఇప్పుడు అదే మాటని సిగ్మా 1 అని పెట్టి చూడండి. సిగ్మా 5, డెరివేటివ్ 25, డెల్టా మెథడ్‌లో (పాత స్టాండర్డ్ ఎర్రర్‌ని డెరివేటివ్‌తో గుణిస్తే) స్టాండర్డ్ ఎర్రర్ 2.5, టీ విలువ 1.6. కాబ్-డగ్లస్ లేచి కూర్చుంది! డేటా అదే, ప్రశ్న అదే, జవాబులు రెండు. ఇలా టీ విలువ చూసే వాల్డ్ టెస్టుకి పాతకాలం నుంచీ ఉన్న జబ్బే ఇది.

మందు మన స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్. రావుగారు 1948లోనే ఇచ్చారు: స్కోర్ టెస్ట్. (ఆయన మనవాడని గర్వంగా చెప్పుకుంటాం, టెస్టు మాత్రం వాడం.) దీనికి సీఈఎస్ మొత్తం ఎస్టిమేట్ చెయ్యక్కర్లేదు, రో సున్నా దగ్గర స్కోర్ (లాగ్ లైక్లీహుడ్ డెరివేటివ్) చాలు. చిక్కల్లా, అక్కడ ఫార్ములాలో సున్నాతో భాగహారం వస్తుంది. అంకెలతో నడిచే ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది. టేలర్ విస్తరణ చెయ్యమని మాక్సిమాకి ఒక లైను రాస్తే, కాబ్-డగ్లస్ పక్కన క్యాపిటల్, లేబర్ లాగ్‌ల తేడా వర్గం ఉన్న పదం తేలుతుంది. 1967లో ఎకనామెట్రిక్స్ పండితుడు క్మెంటా చూపించిన అప్రాక్సిమేషన్ సరిగ్గా ఇదే.

"చేత్తో చేస్తేనే బుర్రకెక్కుతుంది" అంటారు సార్లు. ఒకసారి చేయించండి, కాదన్నదెవరు? పదోసారి చేసేది గుమాస్తా పని. అలాగని ఈ సాఫ్ట్‌వేర్ సర్వజ్ఞేం కాదు. స్టాండర్డ్ డీవియేషన్ పాజిటివ్ అని ముందే చెప్పకపోతే, దాని వర్గానికి వర్గమూలం తీయమన్నా సింపై అలాగే ఉంచేస్తుంది. 6×6 మ్యాట్రిక్స్‌ని అక్షరాలతో ఇస్తే డిటర్మినెంట్‌లో 720 పదాలు కక్కుతుంది. ఎక్కడ ఆపి, ఏం అడగాలో మనిషికే తెలియాలి.

పరీక్ష పెట్టాలంటే పెట్టండి. ల్యాప్‌టాప్ చేతికిచ్చి, 8 ఎందుకొచ్చింది, 1.6 ఎందుకొచ్చింది, పేపర్లో ఏది రాస్తావ్, ఎందుకు రాస్తావ్ అని అడగండి.