“టీఏకి అన్నీ తెలిసినట్టే కనిపించాలి” అన్న సలహా ఎందుకు తప్పు

యూనివర్సిటీల్లో కొత్తగా టీచింగ్ అసిస్టెంట్లుగా (టీఏలుగా, అంటే ప్రొఫెసర్‌కి తోడుగా క్లాసులు నడిపి, పేపర్లు దిద్దేవాళ్లుగా) చేరేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. ఏ డౌట్‌కైనా అక్కడికక్కడే జవాబు చెప్పాలట, తెలియదంటే పరువు పోతుందట, లెక్కలన్నీ బోర్డు మీద తడబడకుండా చేసి చూపించాలట, చివర్లో “అర్థమైందా?” అని అడిగితే ఎవరూ మాట్లాడకపోతే పాఠం ఎక్కినట్టేనట. మొదటి క్లాసు టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఇది ధైర్యం ఇస్తుంది, నిజమే. కానీ నష్టపోయేది విద్యార్థులు.

ఆ చివరి మాటే అన్నిటికన్నా ప్రమాదం. అర్థమైనవాళ్లకు మాట్లాడే పని లేదు. అర్థం కానివాళ్లు నలుగురిలో బయటపడరు. ఎక్కడ తప్పిపోయారో తమకే తెలియనివాళ్లు ఏమని అడుగుతారు? పైగా మనం ఆగేది ఎంతసేపని! అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో స్కూలు సైన్స్ క్లాసుల రికార్డింగులు పరిశీలిస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక సెకను మాత్రమే అని తేలింది. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పేవాళ్లూ పెరిగారు. టీఏలు లెక్కలు చేయించే చిన్న క్లాసులో, అంటే ట్యుటోరియల్‌లో, ఇంకా ఎక్కువ ఆగాలనే నేనంటాను.

ఆ ప్రశ్నను కూడా మార్చండి. కాలిక్యులస్‌లో చైన్ రూల్ (బయటి ఫంక్షన్‌ని డిఫరెన్షియేట్ చేసి, లోపలిదాని డెరివేటివ్‌తో గుణించడం) చెప్పారనుకుందాం. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1, హోల్ క్యూబ్ ఇచ్చి, “డిఫరెన్షియేట్ చేసి మొదటి లైను మాత్రం రాయండి” అని బెంచీల మధ్య నడవండి. 3 రాసి, బ్రాకెట్‌కి స్క్వేర్ పెట్టి ఆగిపోయినవాళ్లు కనిపిస్తారు. లోపలి నుంచి రావాల్సిన 2ఎక్స్ లేదు. ఎవరినీ “అర్థమైందా” అని అడగకుండానే, ఏది మళ్లీ చెప్పాలో తెలిసిపోయింది.

ఇక బోర్డు సంగతి. చేసి చూపిస్తే అంతా తేలిగ్గా అనిపిస్తుంది, చిక్కే అది. 2006లో మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని రెండోసారి చదివారు, ఇంకొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకున్నవాళ్లు పాఠంలో 56 శాతం, మళ్లీ చదివినవాళ్లు 42 శాతం చెప్పగలిగారు. పరీక్ష 5 నిమిషాల్లో ఉండదు కదా. కాబట్టి కష్టమైన స్టెప్ దాకా తీసుకెళ్లి ఆపండి, మిగతాది వాళ్లనే చేయనివ్వండి. ముందుగా ఇంట్లో ప్రతి లెక్కా చేసుకుని వెళ్లడం మాత్రం తప్పనిసరి. వాళ్లు ఎక్కడ తడబడతారో అప్పుడే తెలుస్తుంది.

“తెలియదంటే పరువు పోతుంది” అన్నదీ నిలవదు. ఊహించి చెప్పిన తప్పు జవాబు నోట్సులోకి, అక్కడి నుంచి ఆన్సర్ షీట్‌లోకి వెళ్తుంది. “ఖాయంగా తెలియదు, చూసి వచ్చే క్లాసులో చెప్తాను” అని ఆ ప్రశ్నను వాళ్ల ముందే రాసుకోండి. పరువు పోయేది ఆ మాట తప్పితేనే.

టీఏ సమయాన్ని ఎక్కువగా మింగే పేపర్లు దిద్దడం గురించి ఆ సలహాలో ఒక్క ముక్కా లేదు. అందరి మొదటి ప్రశ్న దిద్దాకే రెండోదానికి వెళ్లండి, పేర్లు కనపడకుండా మడిచి పెట్టండి. ఒకరి మంచి జవాబు మీద కలిగిన అభిప్రాయం వాళ్ల తర్వాతి జవాబు మార్కుల్లోకి జారదు. ఒకే తప్పు చాలా పేపర్లలో కనిపిస్తే తర్వాతి క్లాసు దానితోనే మొదలుపెట్టండి.