సమీకరణం రాసేస్తే బ్యాటరీ అయిపోదు

చార్జ్ చేసుకునే బ్యాటరీ ఎవరు కనిపెట్టారంటే మనందరి దగ్గరా ఒకటే జవాబు. గాస్టన్ ప్లాంటే, ఫ్రాన్స్, 1859, లెడ్ యాసిడ్ (సీసం) బ్యాటరీ. మార్కు పడింది, తర్వాతి ప్రశ్న. ఇంటర్‌లో ఇంకొంచెం ఎక్కువ. ఆనోడ్ సీసం, కాథోడ్ లెడ్ డయాక్సైడ్ కూరిన సీసపు గ్రిడ్ (గళ్ల చట్రం), 38 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, కింద రెండు సమీకరణాలు. బట్టీ పట్టాం, పరీక్షలో దించేశాం, మర్చిపోయాం. నా మంటంతా ఎక్కడంటే, ఆ గ్రిడ్ దగ్గర ఎవరూ ఒక్క నిమిషం ఆగరు. గ్రిడ్ ఎందుకు, మామూలు రేకు పెడితే ఏమవుతుంది అని అడిగిన లెక్చరర్ నాకైతే ఒక్కరూ తగల్లేదు. అసలు కథ మొత్తం అక్కడే ఉంది. 1859 నుంచి ఇవాళ్టి దాకా ఆ డబ్బాలో జరిగే రసాయన చర్య అదే. మారుతూ వచ్చింది ప్లేటు, అంటే ఆ సీసపు రేకూ దాని మీది పూతా.

ప్లాంటే చేసినదాంట్లో ప్లేటు అనడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు పలుచటి సీసపు రేకులు, అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గుడ్డ (తర్వాత రబ్బరు పట్టీలు), అన్నీ కలిపి చుట్టగా చుట్టి పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాడు. 1860లో అలాంటి తొమ్మిది సెల్స్ పట్టుకెళ్లి ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ముందు పెట్టాడు. పనిచేసింది. కానీ నున్నటి సీసం మీద పైపై పొర ఒక్కటే చర్యలో పాల్గొంటుంది, లోపలి సీసమంతా దండగ బరువు. ఆ పొర మందం పెరగాలంటే చార్జ్ చేయాలి, ఖాళీ చేయాలి, తీగలు అటుదిటు ఇటుదటు మార్చి మళ్లీ చార్జ్ చేయాలి, కొన్నాళ్లు వదిలేయాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా నెలల తరబడి. అప్పటికి పనికొచ్చే డైనమోలు లేవు కాబట్టి ఆ చార్జింగ్‌కి కూడా బన్సెన్ సెల్సే (మళ్లీ చార్జ్ కాని పాతరకం సెల్స్) గతి. జింకు, నైట్రిక్ యాసిడ్ తగలేసి కాస్త కరెంటు దాచుకోవడమన్నమాట. ప్రయోగశాలలో ముచ్చటగానే ఉంటుంది, బజార్లో ఎవడు కొంటాడు?

ఇరవై ఏళ్లు ఇంతే. 1881లో కమీ ఫోర్ అనే ఇంకో ఫ్రెంచాయన అడ్డదారి పట్టాడు. సీసాన్ని నెలల పాటు ఆక్సైడ్‌గా మార్చే బదులు ఆ ఆక్సైడే తెచ్చి పూసేస్తే పోలా? రెడ్ లెడ్, అంటే సింధూరం రంగు సీసపు ఆక్సైడ్, యాసిడ్‌తో ముద్దగా కలిపి రేకులకు పూసి, పైన ఫెల్ట్ గుడ్డ చుట్టాడు. నెలల పని రోజుల్లోకి వచ్చింది, సామర్థ్యం ఎన్నో రెట్లు పెరిగింది. పారిస్‌లో చార్జ్ చేసిన ఫోర్ బ్యాటరీ పెట్టెను ఆ ఏడాదే గ్లాస్గోలో విలియం థామ్సన్‌కి (తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన) చేర్చారు. పెట్టెలో కరెంటు వచ్చిందంటూ పత్రికలు ఊగిపోయాయి. ఇవాళ మన ఫీడ్‌లో వారానికోసారి వచ్చే "అయిదు నిమిషాల్లో ఫుల్ చార్జ్" వార్తలకు తాత అది.

తర్వాత? ముద్ద రాలిపోవడం మొదలైంది. ఫెల్ట్ యాసిడ్‌కి పుచ్చిపోయింది. ఇలా ఎందుకు రాలుతుందో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు, నేను చెప్తాను, చిన్న లెక్కే. బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు పాజిటివ్ ప్లేటు మీది లెడ్ డయాక్సైడ్ లెడ్ సల్ఫేట్‌గా మారుతుంది. అదే సీసం, కానీ సల్ఫేట్ ఆక్రమించే చోటు దాదాపు రెట్టింపు. నెగటివ్ వైపు సీసం సల్ఫేట్ అయితే రెండున్నర రెట్ల పైమాటే. చార్జ్ చేస్తే మళ్లీ కుంచించుకుపోతుంది. అంటే ప్లేటు ప్రతిసారీ ఉబ్బి తగ్గుతుంది, ఉబ్బి తగ్గుతుంది. నున్నటి రేకు మీద పూసిన ముద్ద ఎన్నాళ్లు నిలుస్తుంది? కెమిస్ట్రీలో తప్పేం లేదు. పట్టుకుని ఉంచేదే లేదు.

అదే 1881లో ముగ్గురు విడివిడిగా దీని మీద పడ్డారు. వోల్క్‌మార్ రేకుకి చిల్లులు పెట్టి ముద్దను వాటిలో కూరాడు. జోసెఫ్ స్వాన్, అవును, కరెంటు బల్బు చేసిన స్వానే, ప్లేటును గళ్లు గళ్లుగా పోతపోయాలన్నాడు. సెల్లన్ మెత్తటి సీసంలో ఆంటిమొనీ అనే మూలకం కలిపి దాన్ని గట్టిపరిచాడు. ఆ తర్వాతి పోత గ్రిడ్లలో ఒక తెలివి చూడండి. గడి మధ్యలో ఇరుకుగా, రెండు ముఖాల వైపు వెడల్పుగా ఉంటుంది. అందులో కూరిన ముద్ద ఎండి గట్టిపడ్డాక ముందుకూ జారలేదు, వెనక్కీ జారలేదు. జిగురు లేదు, మేకు లేదు, గడి ఆకారమే తాళం. ఇలాంటి పనికి క్విజ్‌లో మార్కుండదు.

ఇంకో సంగతి. మనం బట్టీ పట్టిన సమీకరణం, రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేటే ఏర్పడుతుందనే సిద్ధాంతం, గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఇద్దరు 1882లో ప్రతిపాదించారు. ఆ తర్వాత కూడా దాని మీద చాలాకాలం వాదనలు నడిచాయి. అంటే లోపల ఏం జరుగుతోందో సరిగ్గా తెలియకముందే, ఏది ఎందుకు ఊడిపోతోందో కళ్లతో చూసి గ్రిడ్ పోతపోశారు. మన పాఠం మాత్రం సమీకరణంతో మొదలై సమీకరణంతోనే ఆగిపోతుంది.

అనుమానముంటే మీ ఊళ్లో పాత బ్యాటరీలు విప్పే షాపుకి వెళ్లి చూడండి (చేత్తో మాత్రం ముట్టుకోకండి, అది సీసం). మా ఊరి షాపులో మేస్త్రీ ఒక ఆటో బ్యాటరీ మూత కోసి చూపించి, "ప్లేట్లు రాలిపోయినయ్ సార్, ఇంక ఏం పోసినా దండగే" అన్నాడు. చాక్లెట్ రంగు పాజిటివ్ ప్లేటును పటకారుతో పట్టుకుని పైకి లేపితే గ్రిడ్ అప్పడంలా విరిగింది. పక్కనే బూడిదరంగు నెగటివ్ ప్లేటు ఇంకా గట్టిగానే ఉంది. డబ్బా అడుగున ముదురు గోధుమరంగు మడ్డి. ఆ అడుగున కొన్ని గట్లు ఉన్నాయి, ప్లేట్లు వాటి మీద కూర్చుంటాయి. రాలిన మడ్డి గట్ల మధ్య పేరుకోవాలి, ప్లేట్ల అంచుల దాకా లేచి షార్ట్ చేయకూడదు. రాలడం ఖాయమని ముందే ఒప్పుకుని దానికి చోటు వదిలారు.

ప్రతి పరిష్కారమూ ఇంకో తలనొప్పి తెచ్చింది. ఆంటిమొనీ గ్రిడ్‌ని గట్టిపరిచింది సరే, అదే ఆంటిమొనీ కొద్దికొద్దిగా కరిగి నెగటివ్ ప్లేటు చేరి గ్యాస్ పెంచుతుంది, నీళ్లు తగ్గిస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్‌కి డిస్టిల్డ్ వాటర్ పోసుకునే పని మనకు సెల్లన్ గారి చలవే. దానికి విరుగుడుగా సీసంలో కాల్షియం కలపడం 1935లో బెల్ ల్యాబ్స్‌లో హేరింగ్, థామస్ చూపించారు.

నాకు అన్నిటికన్నా నచ్చే ప్లేటు లక్సెంబర్గ్‌లో రోస్‌పోర్ట్ అనే చిన్న ఊరివాడైన హెన్రీ ట్యూడర్‌ది. ఆయన గట్లు గట్లుగా ఉన్న ప్లేటు పోతపోసి, ముందు ప్లాంటే పద్ధతిలో దాని మీద పొర పెంచి, ఆ సందుల్లో ఫోర్ ముద్ద నింపాడు. మొదట్లో పని ముద్దది. అది మెల్లగా రాలిపోయే లోపు కింది ప్లాంటే పొర ఎదిగి పని అందుకుంటుంది. రాలిపోవడాన్ని ఆపలేకపోతే దాన్నే ప్లాన్‌లో కలిపేశాడు. మాంచెస్టర్ ప్లేటుదీ ఇదే బుద్ధి. ముడతలు పెట్టిన సీసపు పట్టీని చుట్ట చుట్టి గట్టి ప్లేటు చిల్లుల్లో నొక్కుతారు. ఉబ్బినకొద్దీ ఆ చుట్ట ఇంకా బిగుసుకుంటుంది. ఇంతకాలం ప్లేట్లను చంపిన ఉబ్బే ఇక్కడ వాటిని పట్టి ఉంచింది.

ఎడిసన్ సంగతి చెప్పకపోతే కుదరదు. 1883లో స్టోరేజ్ బ్యాటరీ అంటే జనాన్ని ముంచే సరుకని తిట్టిపోసిన పెద్దమనిషి, 1900 తర్వాత తనే నికెల్-ఇనుము బ్యాటరీ మీద ఏళ్లకేళ్లు ధారపోశాడు. సీసం వద్దు, యాసిడ్ వద్దు, కొత్త కెమిస్ట్రీ. మొదటి రకం సెల్స్ కారాయి, సామర్థ్యం పడిపోయింది, అమ్మకం ఆపుకోవాల్సి వచ్చింది. చివరికి గట్టెక్కించింది మళ్లీ ప్లేటే. నికెల్ హైడ్రాక్సైడ్‌కి కరెంటు సరిగ్గా పారదు కాబట్టి, చిల్లుల ఉక్కు గొట్టాల్లో ఒక పొర హైడ్రాక్సైడ్, ఒక పొర నికెల్ రేకు ముక్కలు, ఇలా వందల పొరలు దట్టించి, గొట్టం ఉబ్బి పగలకుండా ఉక్కు రింగులు తొడిగారు. ఆ పలుచటి ముక్కల కోసం రాగి, నికెల్ పొరలు ఒకదాని మీద ఒకటి ఎలక్ట్రోప్లేటింగ్ చేసి, తర్వాత రాగిని కరిగించేసేవారు. అంత అవస్థ పడ్డాక 1910 ప్రాంతంలో అది నిలదొక్కుకుంది. గొట్టం ఉపాయం సీసం బ్యాటరీలోనూ ఉంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద కూర్చునే ట్యూబులర్ బ్యాటరీ అదే. షాపువాడు "ట్యూబులర్ తీసుకోండి సార్, ఎక్కువ కాలం వస్తది" అంటే దానర్థం, ముద్దను గొట్టంలో బంధించారు, తేలిగ్గా రాలదు అని.

తిరుపతి పక్కన కరకంబాడిలో సీసం బ్యాటరీలు చేసి దేశమంతా అమ్ముతున్నారు. మన పిల్లలకేమో ఇప్పటికీ బ్యాటరీ పాఠమంటే రెండు సమీకరణాలు. కాలేజీ ల్యాబ్‌లో ఒక్క గ్రిడ్ ముక్క, ముద్ద లేకుండా ఖాళీది, ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి చూపించడానికి ఎంత ఖర్చవుతుంది? "గ్రిడ్‌ను స్వచ్ఛమైన సీసంతో కాక మిశ్రమంతో ఎందుకు చేస్తారు" అని నాలుగు మార్కుల ప్రశ్న ఒక్కటి ఇస్తే పోయేదేముంది?

"లెడ్ యాసిడ్ పాత చింతకాయ పచ్చడి, అందులో ఇంజినీరింగ్ ఏముంది" అని కామెంట్ పెట్టే బ్యాచ్ ఒకటుంది. బాబూ, 1899లో జెనాట్జీ అనే బెల్జియం ఆయన కారులో గంటకు 100 కిలోమీటర్లు దాటాడు, భూమ్మీద ఆ వేగం దాటిన మొదటి కారు అదే. నడిపింది సీసం ప్లేట్లే. మీరు షేర్ చేసే లిథియం, సోడియం వార్తల్లో కూడా చివర్న ఒక రేకుంటుంది, దాని మీద ఒక పూత ఉంటుంది, కొన్ని పదార్థాల్లో ఆ పూతా ఉబ్బి తగ్గుతుంది. ఈసారి లింక్ పెట్టే ముందు ఆ పూత ఎన్ని చార్జింగుల దాకా రేకును అంటిపెట్టుకుందో ఆ వార్తలో రాశారేమో చూడండి. రాయకపోతే నాకు పంపకండి.