ఆ ఫార్వర్డ్ నమ్మి మావోళ్ళు చెన్నైలో చిత్తుగా ఓడినారు

మా నెల్లూరు షటిల్ గ్రూపులో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరగతా ఉండాది. పాడెల్‌లో, అదే గ్లాస్ గోడల మధ్య ఇద్దరిద్దరుగా ఆడే టెన్నిస్ లాంటి ఆటలో, సర్వ్ ఎంత గట్టిగా కొడితే అంత మంచిదంట, మొదటిది ఫుల్ ఫోర్స్‌తో కొట్టాలంట, పోతే రెండోది ఉండాదంట, పక్క గోడకి తగిలిస్తే పాయింట్ మనదేనంట, ఖరీదైన బ్యాట్ కొంటే సగం పని అయిపోయినట్టేనంట. మావోళ్ళు మొన్న ఆదివారం చెన్నై పొయ్యి కోర్ట్ తీసుకోని అట్నే ఆడి, పక్క కోర్టులో ఉండే కుర్రోళ్ళ చేతిలో చిత్తుగా ఓడొచ్చినారు.

ముందు ఆ గట్టిగా కొట్టే సంగతి చూడండి. బాల్‌ని ఒకసారి కింద వేసి, అది లేచినాక నడుముకి పైన పోకుండా కొట్టాలి, ఇంక పైనుంచి దంచేది ఎక్కడుండాది? బలంగా కొడితే నెట్‌కన్నా తగలద్ది, లేదంటే అవతల కింద పడి లేచి వెనక గ్లాస్‌కి తగిలి ఎదురోడి ముందరికే వచ్చి పడద్ది, ఆకులో వడ్డించినట్టు. అసలు సర్వ్ చేసేది నెట్ దగ్గిరికి పోను టైమ్ కోసరం. నువ్వు నిలబడేది నెట్‌కి 6.95 మీటర్ల అవతల, గట్టిగా కొడితే రిటర్న్ కూడా అంతే జోరుగా వస్తది, అప్పటికి నువ్వు సగం దారిలో ఉంటావు. అదే స్లైస్ పెట్టి, అంటే బాల్‌ని కింద నుంచి కోసినట్టు కొట్టి, నిదానంగా వేస్తే, బాల్ కిందనే ఉండిపోతది, నువ్వు పొయ్యి నిలబడతావు.

పక్క గోడ మాట సగం నిజమే, మిగతా సగమే కొంప ముంచేది. నెట్ నుంచి 6 మీటర్ల దాకా పక్కన ఉండేది గ్లాస్ కాదు సామీ, ఇనప మెష్, గ్లాస్ వెనక 4 మీటర్లే. సర్వ్ బాల్ ఎదురోళ్ళ వైపు గీతల మధ్య ఉండే బాక్సులో పడి రెండోసారి కింద పడేలోపల మెష్‌కి తగిలితే ఫాల్ట్, గ్లాస్‌కి తగిలితే మంచి సర్వ్. అంటే పక్కకి ఒక్కటే చాలదు, లోతుగా కూడా పడాలి. మావోడు ఆ రోజు వరసగా నాలుగు మెష్‌కే కొట్టి, కోర్టే సరిగ్గా కట్టలేదని గొణిగినాడు.

రెండోది ఉండాది గదా అని మొదటిది పారేస్తే, రెండోది భయం భయంగా బాక్స్ మధ్యలో వేస్తావు, ఎదురోడికి కావాల్సింది అదే. రెండూ ఒకే మాదిరి వేసేది నేర్చుకోండి.

బ్యాట్ గురించి ఏం చెప్పేది, డబ్బులుంటే కొనుక్కో. దాన్ని సుత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటే స్లైస్ వస్తది, ఫ్రీగా.

నేనైతే మా వీధి చివర ఖాళీ ప్లాట్‌లో రెండు కర్రలకి 88 సెంటీమీటర్ల ఎత్తున తాడు కట్టి, ఇవతల 23 అడుగులు కొలిచి గీత గీసి, తాడుకి అవతల 20 అడుగుల దగ్గిర పక్కగా తడి టవల్ పరిచి రోజూ 30 వేస్తా ఉండా. మొదటి రోజు టవల్ మీద పడినయ్యి 4, నిన్న 13. ఎదురింటి అక్క మాత్రం ‘ఏంది అబ్బయా, ఆరేసిన టవల్‌ని బాల్‌తో కొడతా ఉండావు’ అని రోజూ అడగతానే ఉండాది.