మొదటి లైసెన్స్‌కి మాత్రం డబ్బులివ్వరట

నిన్న ఖమ్మం నుంచి నాన్న ఫోన్ చేశారు. "మిలిటరీలో చేసినందుకు గవర్నమెంటే చదివిస్తుందన్నావు కదరా, మరి పైలట్ ట్రైనింగ్‌కి ఈ అప్పేంటి?" అని అడిగారు. అరగంట మాట్లాడినా ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. అమెరికా సైన్యంలో ఉన్న మన తెలుగు పిల్లల్లో ఎవరికైనా విమానం నడపాలని ఉంటే, నాలా దిగాక తెలుసుకోకూడదు.

నేను ఎంఎస్ కోసం ఇక్కడికి వచ్చి, 2014లో మావ్ని పథకం కింద ఆర్మీలో చేరాను. వీసా మీద ఉన్నవాళ్లలో సైన్యానికి కావలసిన భాషలు వచ్చినవాళ్లను తీసుకున్న పథకం అది. నన్ను తీసుకున్నది హిందీ కోసం. నాలుగేళ్లూ నా పని హెలికాప్టర్లకు ఇంధనం నింపడం. పైన రెక్కలు తిరుగుతూనే ఉండేవి, మేం వంగి పరిగెత్తి గొట్టం తగిలించేవాళ్లం. పని అయ్యాక పైలట్ చెయ్యి ఊపి లేచిపోయేవాడు. కళ్లలో దుమ్ము పడుతున్నా నేను అటే చూస్తుండేవాణ్ణి. ఎప్పటికైనా ఆ సీట్లో కూర్చోవాలని అప్పుడే అనుకున్నాను.

36 నెలలు యాక్టివ్ డ్యూటీ (పూర్తికాలం సైన్యంలో పని) చేస్తే పోస్ట్ 9/11 జీఐ బిల్, అంటే సైన్యంలో చేసినవాళ్ల చదువుకు ప్రభుత్వం ఇచ్చే సాయం, పూర్తిగా వస్తుంది. 36 నెలల చదువుకు డబ్బు. 2013 జనవరి 1 తర్వాత బయటికొచ్చినవాళ్లకు దానికి గడువు కూడా లేదు. 2011 నుంచి డిగ్రీ కోర్సులో చేరకుండా నేరుగా ఫ్లైట్ స్కూల్‌లో నేర్చుకునేవాళ్లకు కూడా ఇస్తున్నారు. ఇంతవరకే చదివి నేను సంబరపడ్డాను.

ఫ్లైట్ స్కూల్ ఆఫీసులో ఆవిడ నా కాగితాలు చూసి మొదట అడిగింది, "ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉందా?" అని. "అది నేర్చుకోవడానికే వచ్చానండీ" అన్నాను. ఆ మొదటి లైసెన్స్‌కి వీఏ (జీఐ బిల్ డబ్బు ఇచ్చే మాజీ సైనికుల శాఖ) ఇవ్వదు, ముందు సొంత డబ్బుతో అది తెచ్చుకోండి, సెకండ్ క్లాస్ మెడికల్ (పైలట్ ఆరోగ్య సర్టిఫికెట్) కూడా తెచ్చుకోండి, అప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడపడం), కమర్షియల్ (జీతానికి నడపడం) కోర్సులకు వాళ్లు కడతారు అంది. ఇది ఆ స్కూల్ తప్పు కాదు. చట్టమే అలా ఉంది.

ఆ లైసెన్స్‌కి నాకు 68 గంటల ఫ్లయింగ్ పట్టింది. పార్ట్ 61 (అమెరికా విమానయాన నిబంధనల్లో ఒక భాగం) కింద కనీసం 40 గంటలని రాసి ఉంటుంది గానీ, ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు ఎగిరేవాడికి 40లో అవ్వడం కష్టం. సెస్నా 172 అద్దె, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు, హెడ్‌సెట్, మెడికల్, రాత పరీక్ష, చెక్‌రైడ్ (విమానంలో పెట్టే చివరి పరీక్ష) రోజు ఎగ్జామినర్‌కి ఇచ్చిన 900 డాలర్లు, అన్నీ కలిపి 17 వేల డాలర్ల దాకా అయింది. అందులో 11 వేలు అప్పు. రన్‌వే మీద ముందు రెండు విమానాలుంటే ఇంజన్ ఆన్ చేసుకుని ఆగాలి, ఆగినంతసేపూ అద్దె మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఆ నిమిషాల్లో నాకు రేడియో మాటల కంటే మా ఇంటి అద్దె ఎక్కువ గుర్తొచ్చేది.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకొకటుంది. ఇదే లైసెన్స్, ఇదే విమానం, ఏవియేషన్ డిగ్రీలో భాగమైతే వీఏ కడుతుంది. ప్రభుత్వ కాలేజీ అయితే ఆ రాష్ట్రంవాళ్లకు ఉండే ఫీజు మొత్తం కడుతుంది, పైగా చదివినన్నాళ్లూ ఇంటి అద్దెకు భత్యం ఇస్తుంది. నేరుగా ఫ్లైట్ స్కూల్‌కి వెళ్తే ఏడాదికి 16, 17 వేల డాలర్ల దగ్గర పరిమితి, ఇంటి భత్యం లేదు, పుస్తకాల డబ్బు లేదు. ఎంఎస్ చేసినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, మళ్లీ బ్యాచిలర్స్‌లో చేరమంటే ఎలా?

డబ్బు వృథా అవుతుందన్న భయం ప్రభుత్వానికుందని నాకూ తెలుసు. కొన్ని కాలేజీలు ప్రైవేట్ హెలికాప్టర్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుని, ఒక్క విద్యార్థి పేరు మీదే 5 లక్షల డాలర్లకు పైగా బిల్లు వేసిన సంగతి 2015లో బయటపడింది. అది మామూలు జనం కట్టిన పన్నుల సొమ్ము, కోపం రావడంలో తప్పు లేదు. కానీ ఆ సొమ్ము పోయింది డిగ్రీ దారిలో, పరిమితి లేనిచోట. ప్రైవేట్ లైసెన్స్ వల్ల కాదు.

ఆ లైసెన్స్‌తో జీతం తీసుకుని ఎగరకూడదు కాబట్టి అది సరదా కోసం అంటారు. సరే, కానీ అది లేకుండా కమర్షియల్ ఎలా వస్తుంది? అంత అనుమానమైతే ముందు ఇవ్వకండి. చెక్‌రైడ్ పాసై, ఇన్‌స్ట్రుమెంట్ కోర్సులో చేరిన రోజున, ఒక పరిమితి పెట్టి వెనక్కి ఇవ్వండి. సరదాకి నేర్చుకున్నవాడు అక్కడిదాకా రాడు. ఇప్పుడున్న పద్ధతి మేడ మీదికి నిచ్చెన వేసి కింది మెట్లు పీకేసినట్టుంది.

నాకు అప్పు పుట్టింది, నా భార్యకు ఉద్యోగం ఉంది. నాతోపాటు ఇంధనం నింపిన మిసిసిపీ కుర్రాడికి ఆ రెండూ లేవు. ఇంజన్ శబ్దం విని ఏ హెలికాప్టరో చెప్పేవాడు. నా కంటే వాడికే ఈ పిచ్చి ఎక్కువ. జీఐ బిల్ వాడికీ అంతే ఉంది, ఒక్క నెల కూడా వాడుకోలేదు. ఇప్పుడు ట్రక్కు నడుపుతున్నాడు. లైసెన్స్ వచ్చిన రోజు వాడికి ఫోటో పంపించాను. చాలా సంతోషపడ్డాడు. నేనే ఆ రాత్రి నిద్రపోలేకపోయాను.

దారిలో ఉన్నవాళ్లకు రెండు మాటలు. స్కూల్ పార్ట్ 141 (ఆమోదించిన సిలబస్‌తో నడిచే స్కూళ్ల నిబంధన) కింద ఉందా, వీఏ ఆమోదం ఉందా అని చేరకముందే చూసుకోండి. పార్ట్ 61 ట్రైనింగ్‌కి వీఏ ఇవ్వదు. వీఏ లెక్క ఆగస్టు 1న మొదలై జూలై 31న ముగుస్తుంది, ఏడాది పరిమితి ఆగస్టు 1న కొత్తగా మొదలవుతుంది. కమర్షియల్ కోర్సే 120 గంటలు, ఒక ఏడాది డబ్బులో పట్టదు. అందుకని సగం జూలైలోపు, సగం ఆగస్టు తర్వాత పడేలా ప్లాన్ చేసుకోండి. లేకపోతే మధ్యలో నెలల తరబడి ఆగిపోయి, నేర్చుకున్నది చేతిలోంచి జారిపోతుంది.

మా నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుడికి ఈ వారం ఉత్తరం రాశాను. ప్రైవేట్ లైసెన్స్ ఖర్చు పాసయ్యాక తిరిగి ఇవ్వమని మాత్రమే అడిగాను. నా రసీదులన్నీ జతచేశాను, నాకు తిరిగి రావని తెలిసే. మిసిసిపీ కుర్రాడిని కూడా వాళ్ల సభ్యుడికి రాయమన్నాను. ఆదివారం సెలవు, కూర్చుని రాస్తానన్నాడు.