బియ్యం బాగాలేవట!

ఇప్పుడే ఒక వీడియో చూశా. కుళాయి కింద బియ్యాన్ని రెండు అరచేతుల మధ్య వేసి బట్టలు ఉతికినట్టు నలుపుతున్నాడు మహానుభావుడు. పైగా తెల్లనీళ్లు పూర్తిగా పోయేదాకా 10 సార్లు కడగాలట. అయ్యా, అవి బియ్యమా, మసిగుడ్డలా?

ఆ తెల్లదనం ప్రధానంగా మిల్లులో గింజలు రాసుకుని రాలిన పిండి. అది ఉంటే మెతుకులు అతుక్కుంటాయి కాబట్టి కడుగుతాం. నీళ్లు పోసి, వేళ్లతో నాలుగు తిప్పులు తిప్పి, వెంటనే వంచెయ్యండి. 2 సార్లు, మహా అయితే 3. నీళ్లు పల్చబడితే చాలు. నలిపితే గింజ విరిగి నూకవుతుంది, విరిగినచోట లోపలి పిండి బయటికొస్తుంది. జిగురు వదలాలని కడగడం మొదలుపెట్టి జిగురే తయారుచేస్తున్నారన్నమాట. (పైన విటమిన్లు పూసిన బియ్యమైతే అవీ ఆ నీళ్లతోనే తూములోకి. సంచి మీద రాసింది చదివేదెవరు!)

నానబెట్టమంటే టైమ్ లేదంటారు. 20 నిమిషాలండీ. నానని గింజ నడిమికి నీరు చేరేలోపే పైభాగం చిమిడిపోతుంది. పైన ముద్ద, లోపల పలుకు.

అసలు మంట ఎసరు దగ్గర. గ్లాసుకి ఒకటిన్నర, కాబట్టి నాలుగుకి ఆరు... ఈ ఎక్కం ఎవరు నేర్పారో గానీ విందుల్లో అన్నమంతా ముద్దవడానికి సగం కారణం ఇదే. పొడిపొడిగా వండితే గింజ తాగేది దాదాపు తన కొలతంత నీరు. మిగతాది ఆవిరి వాటా. ఆవిరి పోయేది గిన్నె వెడల్పు, మూత బిగుతు, మంటని బట్టి. బియ్యం నాలుగింతలైతే అది నాలుగింతలు కాదు. నాలుగు గ్లాసులకి ఐదు పోసి చూడండి. కొత్త బియ్యమైతే ఇంకాస్త తగ్గించాలి, పాతవైతే కాస్త పెంచాలి. వేలి గణుపు లెక్క అంటారా? వెడల్పు గిన్నెలో గణుపెత్తు, ఇరుకు గిన్నెలో గణుపెత్తు ఒకటేనా? వేలికేం తెలుసు పాపం.

ఇదంతా పక్కన పెట్టండి, నాకు ఎప్పటినుంచో కడుపుమంట మూత ఎత్తేవాళ్ల మీద. ఆవిరి వదిలేస్తారు, సగం ఉడుకులో గరిటె పెట్టి కలుపుతారు, మెతుకులు విరిగి అడుగంటుతుంది. కరెంటు కుక్కరైతే స్విచ్ టక్కుమనగానే దాడి! నీళ్లున్నంతసేపు గిన్నె అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, నీళ్లు ఇంకిపోగానే వేడి దాటుతుంది, స్విచ్ పడుతుంది. దాని భాష అంతే. అన్నం తయారైందని అది ఎప్పుడు చెప్పింది? అప్పటికి అడుగున తడి, పైన బిరుసు. మూత ముట్టకుండా 10 నిమిషాలు ఉమ్మగిలనిస్తే తేమ సర్దుకుంటుంది. తర్వాత గరిటె అంచుతో పక్కల నుంచి పైకి తేల్చాలి. వీళ్లేమో వేడివేడిగా నడిమిలో గుచ్చి కుమ్మేసి, కంచంలో వడ్డిస్తూ తీరిగ్గా ఒక మాట: "ఈసారి బియ్యం బాగాలేవండీ."