అరవై దగ్గరే ఆగిపోయిన వయసు

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఏ ఆసుపత్రి ఓపీ కౌంటరు దగ్గర కాసేపు నిలబడినా వినిపించే మాట ఇది: "వయసెంత?" "అరవై ఉంటుంది సామీ." కాగితపు చీటీకి ఆ అంకె సరిపోయేది, ఎందుకంటే ఆ పూటతో చీటీ పని తీరిపోయేది. అదే అంకె కంప్యూటరు రికార్డులోకి చేరి పదేళ్లు అక్కడే ఉంటే, రోగికి డెబ్బై నిండినా రికార్డు మాత్రం అరవై దగ్గరే ఆగిపోతుంది.

అందుకే, ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా అనుసంధానించే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అనుసరిస్తున్న ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో (ఆసుపత్రుల కంప్యూటర్లు ఆరోగ్య సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి పద్ధతి ఇది), రోగి వివరాల కింద వయసుకు గడి లేదు; పుట్టిన తేదీకే ఉంది. పైగా అందులో సంవత్సరం ఒక్కటే రాసినా, సంవత్సరమూ నెలా రాసినా చెల్లుతుంది. పరిశోధనల కోసం రోగుల సమాచారాన్ని ఒకే తీరులో అమర్చే ఓమాప్ నమూనాలోనూ పుట్టిన సంవత్సరమే తప్పనిసరి, నెలా రోజూ ఐచ్ఛికం. అంటే చిక్కు ప్రమాణాల్లో లేదు, వాటిమీద మనం కట్టుకునే కంప్యూటరు తెరల్లో ఉంది. రోజు, నెల నింపనిదే తెర ముందుకు కదలకపోతే, వెనక వరుస పెరుగుతున్న గుమాస్తా జనవరి 1 అని కొట్టక ఏం చేస్తాడు? "ఉంటుంది" అన్న మాటలోని సందేహం అక్కడే చెరిగిపోయి, ఊహ కాస్తా సాక్ష్యంగా మారుతుంది.

2024లో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమాను ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండిన వారందరికీ విస్తరించినప్పుడు, ఆధార్‌లోని వయసునే ఆధారంగా తీసుకున్నారు. కౌంటరు దగ్గర అరవై అని చెప్పిన మనిషికి ఆధార్‌లో డెబ్బై ఒకటి ఉంటే, రెండింటిలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డు చెప్పగలగాలి. పుట్టిన తేదీ పక్కనే అది జనన ధ్రువపత్రం చూసి రాసిందా, ఆధార్ నుంచి తీసుకున్నదా, నోటిమాటా అన్న గుర్తు ఉండాలన్నది నా వాదన. నోటిమాటే అయితే, చెప్పిన వయసుతోపాటు అది ఏ రోజు చెప్పారో ఆ తేదీనీ నమోదు చేయాలి. అప్పుడు ఆ వయసు ఏటా దానంతటదే పెరుగుతుంది.

పసిబిడ్డల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కామెర్లు వచ్చిన బిడ్డను నీలి దీపాల కింద పెట్టాలా వద్దా అన్నది రక్తంలో బిలిరుబిన్ (కామెర్లకు కారణమయ్యే పసుపు పదార్థం) ఎంత ఉందన్న దానితోపాటు బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందన్న దానిమీదా ఆధారపడుతుంది. 20 గంటలప్పుడు భయపెట్టే అంకె 70 గంటలప్పుడు మామూలుగా కనిపించవచ్చు. కనుక ఇక్కడ తేదీ కూడా చాలదు, పుట్టిన వేళ కావాలి. 32 వారాలకే పుట్టిన బిడ్డ ఎదుగుదలను అంచనా వేసేటప్పుడు వైద్యులు నలభై వారాలకు తక్కువపడిన ఆ ఎనిమిది వారాలను వయసులోంచి తీసేసి లెక్కిస్తారు కాబట్టి, ఎన్ని వారాలకు పుట్టిందో విడిగా నమోదు కావాలి.

అయితే వయసును ఎక్కడా నమోదు చేయకూడదనడం కూడా పొరపాటే. "ఇరవయ్యో ఏట మూర్ఛ మొదలైంది" అని రోగి చెబితే అక్కడ వయసే సమాచారం, దాన్ని తేదీగా మార్చడమంటే లేనిది కల్పించడమే. ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో జబ్బు మొదలైన వయసుకు వేరే చోటు ఉన్నది ఇందుకే. రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం మోతాదు నుంచి కిడ్నీ పనితీరును లెక్కగట్టే సూత్రంలోనూ వయసు ఉంటుంది గనుక, రక్తం తీసిన నాటి వయసును ఆ ఫలితంతోపాటే ఉంచాలి.

కౌంటరు తెరకు కావలసిన మార్పు పెద్దదేమీ కాదు: రోజు, నెల ఖాళీగా వదిలే వీలు, పక్కన "సుమారు" అని ఒక గడి. పెద్దకొడుకు వయసు అడిగి లెక్కకట్టే అనుభవం గుమాస్తాలకు ఎప్పటినుంచో ఉంది.