రాత్రి రెండింటికి ఆ పుస్తకం ఎవరి దగ్గరుంది?

నాన్నకు క్యాన్సర్ ముదిరి ఇక ఇంటి దగ్గరే చూసుకోమన్నప్పుడు, వారానికి రెండుసార్లు హోమ్ కేర్ నర్సు వచ్చేవారు. బంగారం లాంటి మనిషి. నొప్పికి పదికి ఎన్ని మార్కులో అడిగేవారు, పడక పుండ్లు పడ్డాయేమోనని ఒత్తిగిలించి చూసేవారు, అన్నీ పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం ఆవిడతోనే వెళ్లిపోయేది. మాకు మిగిలింది పసుపు మరకలు పడ్డ కవరు, అందులో పాత రిపోర్టులు.

ఒక శుక్రవారం మార్ఫిన్ డోసు పెంచారు. ఆ రాత్రి రెండింటికి నాన్న నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఫోన్ చేశాం. ఎత్తింది వేరే నర్సు. "అమ్మా, ఇప్పుడు ఎన్ని ఎంజీ వేస్తున్నారు? ఆఖరిది ఎప్పుడు వేశారు?" అమ్మ సెల్‌ఫోన్ లైటు వేసుకుని స్ట్రిప్పు వెనక అక్షరాలు కూడబలుక్కుంది. పాత డోసా, కొత్తదా తేలేసరికి నలభై నిమిషాలు. అంతసేపూ నాన్న మంచం పట్టీ పట్టుకునే ఉన్నారు.

ఆసుపత్రిలో మంచం పక్కనే కేస్ షీట్ ఉంటుంది. ఇంట్లో ఏముంటుంది? అందుకే ఎలక్ట్రానిక్ రికార్డు అందరికంటే ముందు ఇలాంటి ఇళ్లకు రావాలంటాను. తెలంగాణలో నయంకాని జబ్బులున్నవాళ్లను ఇంటి దగ్గరే చూసే ప్రభుత్వ ఆలన వాహనాలు ఊళ్లలో ఇళ్లకు వెళ్తున్నాయి, చాలా గొప్ప పని. మన ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట కలిపేందుకు ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు మా నాన్నకూ ఉంది. కానీ నర్సు రాసింది అందులోకి ఎక్కకపోతే ఆ నంబరు ఏం చేసుకోను?

ఇంకో మాట. వెంటిలేటర్ వద్దని ముందే రాసుకునే పత్రాన్ని డిజిటల్ హెల్త్ రికార్డులో పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2023లోనే చెప్పింది. అది బీరువాలోనే ఉండిపోతే అర్ధరాత్రి ఎమర్జెన్సీ డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

అలాగని నర్సు చేతికో ట్యాబ్ ఇచ్చి యాభై గళ్లు నింపమంటే ఒప్పుకోను. ఆవిడ చేయి నాన్న భుజం మీద ఉండాలి. ఆ రికార్డు సిగ్నల్ లేని ఊళ్లోనూ పనిచేయాలి, నడుస్తున్న మందులు ఒక్క పేజీలో, తెలుగులో, ఇంటివాళ్లకూ కనిపించాలి.

అది వచ్చేదాకా, మీ ఇంట్లో హోమ్ కేర్ నడుస్తుంటే నర్సు వెళ్లేముందు ఆవిడ పుస్తకంలో రాసిన పేజీ ఫోటో తీసుకోండి. కొత్త డోసు, వేయాల్సిన టైము, రాత్రి ఫోన్ నంబరు. ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి.